మా అమ్మాయి కుస్తీ క్లబ్బులో ఒక శీతాకాలం

2024 అక్టోబరు మూడో వారంలో బడి సంచిలో ఒక పసుపుపచ్చ కాగితం వచ్చింది. మా ఊరి పిల్లల కుస్తీ క్లబ్బులో కొత్తవాళ్లను చేర్చుకుంటున్నామని, క్రమశిక్షణ, ధైర్యం, వినయం నేర్పుతామని అందులో ఉంది. ఈ మూడు మాటలూ కరాటే వాళ్లు రాస్తారు, చదరంగం వాళ్లు రాస్తారు, అబాకస్ వాళ్లూ రాస్తారు. చెత్తబుట్టలో వేయబోతుంటే మూడో తరగతి చదువుతున్న మా అమ్మాయి లాక్కుంది. ఆ ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫోగట్‌ను 100 గ్రాముల బరువు ఎక్కువ ఉందని ఫైనల్ రోజు ఉదయం పక్కన పెట్టేసినప్పుడు మా ఇంట్లో వారం పాటు అదే చర్చ. కుస్తీ గురించి పిల్లకు తెలిసింది అంతవరకే. అయినా చేరతానంది.

మేముండేది పెన్సిల్వేనియాలో, లీహై వ్యాలీ ప్రాంతంలో. ఇక్కడ కుస్తీ పిచ్చి మామూలుది కాదు. హైస్కూలు జట్ల పోటీ ఉందంటే సొంత పిల్లలెవరూ ఆడకపోయినా తాతలు టిక్కెట్టు కొనుక్కుని వెళతారు. మన తెలుగువాళ్ల పిల్లలు మాత్రం ఈత, టెన్నిస్, చదరంగం, కూచిపూడి దగ్గర ఆగిపోతారు. సీజను ముగిశాక ఇద్దరు ముగ్గురు తల్లులు నన్ను పక్కకు పిలిచి అక్కడ అసలు ఏం జరుగుతుందని అడిగారు. నిలబడి చెప్పగలిగింది కొంచెమే. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

విజయనగరంలో ఉన్న మా అమ్మకు వీడియో కాల్‌లో చెప్పాను. "ఏమిటే, దాన్ని కోడి రామమూర్తిని చేస్తావా?" అంది. గుండెల మీద ఏనుగును ఎక్కించుకున్న ఆ మనిషి పేరు మా ఊళ్లో పెద్దవాళ్లకు ఇప్పటికీ నోట్లోనే ఉంటుంది. అసలు ప్రశ్న ఆ తర్వాత వచ్చింది. "మగపిల్లలతో కలిసా?" అవును, కలిసే. ఈ వయసులో విడిగా జతలు కట్టేంతమంది ఆడపిల్లలు మా క్లబ్బులో లేరు. పెన్సిల్వేనియా హైస్కూళ్లలో ఆడపిల్లల కుస్తీకి అధికారిక రాష్ట్ర పోటీలు మొదలైందే 2024 మార్చిలో. మావారు మాత్రం చాలా తేలిగ్గా తీసుకున్నారు. "రెండు వారాలు చూడు, అదే మానేస్తుంది" అన్నారు.

ఖర్చు సంగతి. క్లబ్బు రుసుము 160 డాలర్లు. అది కాక అమెరికా కుస్తీ సమాఖ్య అయిన యూఎస్ఏ రెజ్లింగ్ సభ్యత్వ కార్డు తీసుకోవాలి, అది ఉంటేనే బీమా వర్తిస్తుంది. బూట్లు 58, చెవులు చితికిపోకుండా పెట్టుకునే హెడ్‌గేర్ 32. మా క్లబ్బులో పొడవు జుట్టు ఉన్నవాళ్లు హెడ్‌గేర్‌కు తగిలించే టోపీలో జుట్టంతా దోపుకోవాలి. ఆ సంగతి ముందు ఎవరూ చెప్పలేదు, దానికి ఇంకో 15. సింగ్లెట్ క్లబ్బే ఇస్తుంది కానీ 75 డాలర్లకు చెక్కు రాయించుకుని అట్టిపెట్టుకుంటుంది. మార్చిలో సింగ్లెట్ తిరిగిస్తే చెక్కు వెనక్కి ఇస్తారు. సింగ్లెట్ అంటే ఒంటికి అతుక్కుపోయే పొట్టి దుస్తు. లోపల టీషర్టు, టైట్స్ వేసుకోనిస్తారు. మా అమ్మకు ఫొటో పంపే ముందు పైన స్వెటర్ కూడా వేయించాను.

నవంబరు 12, మంగళవారం మొదలైంది. మంగళ, గురువారాలు సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర వరకు, మిడిల్ స్కూల్ భోజనశాలలో. మొదటి రోజు పిల్లలు కుస్తీ పట్టలేదు సరికదా, అరగంట సేపు కూలిపని చేశారు. గోడవారగా చుట్టి పెట్టిన మ్యాట్లను ఎనిమిదేసి మంది తోసుకుంటూ పరిచారు. అంచులు కలిసేచోట పెద్ద పిల్లలు టేపు వేశారు. క్రిమినాశక ద్రవం కలిపిన నీళ్లతో ఇద్దరు తుడిచారు. బయట తిరిగిన బూట్లతో ఒక్క అడుగు మ్యాట్ మీద వేసినా తుడిచే గుడ్డ వాళ్ల చేతికే వస్తుంది. ఇంట్లో తన కంచం తను తీయని పిల్ల అక్కడ వంగి మ్యాట్ తుడవడం చూసి ఫోను తీశాను. "ఫొటోలు వద్దండీ, పని చేసుకోనివ్వండి" అన్నాడు కోచ్. తర్వాత తెలిసింది, ఆయన పగలు ప్లంబింగ్ పని చేస్తాడు, ఇక్కడ జీతం లేదు.

మొదటి మూడు వారాలు చూడటానికి చాలా విసుగు. ఎలా నిలబడాలి, తల ఎక్కడ పెట్టాలి, మోకాలు మ్యాట్‌కు తాకించి ముందుకు ఎలా జారాలి, ఎదుటివాడు కాళ్ల మీదికి దూకితే నడుము కిందికి పడేసి కాళ్లు వెనక్కి ఎలా విసరాలి. ఇవే మళ్లీ మళ్లీ. ఇంటికి వచ్చాక వంటగది గట్టు పక్కన కూడా పిల్ల సగం వంగే నిలబడేది.

నాకు ఆసక్తి కలిగించింది జత పద్ధతి. ప్రతి పిల్లకూ ఒక జతగాడు ఉంటాడు. ఒకరు పట్టు వేస్తుంటే రెండోవాళ్లు పూర్తిగా లొంగిపోకూడదు, మొండిగా బిగుసుకోకూడదు. నేర్చుకునేవాడికి కాస్త కష్టమయ్యేంత ఎదురు మాత్రం ఇవ్వాలి. ఇది పట్టు కంటే కష్టం. మా అమ్మాయి మొదట్లో జతగాడికి పట్టు చిక్కితే తను ఓడిపోయినట్టే భావించి పెనుగులాడేది. కోచ్ ఇద్దరినీ ఆపి, "వాడి పట్టు బాగుపడకపోతే నీకు సరైన ఎదురు ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగేవాడు. జతగాడికి దెబ్బ తగిలితే, తగిలించినవాళ్లు ఐసు ముక్కలు తెచ్చి పక్కనే కూర్చోవాలి. అరిచి క్షమాపణ చెప్పించడాలు లేవు. దెబ్బ తిన్నవాడు లేచేదాకా తగిలించినవాళ్ల ఆట కూడా ఆగిపోతుంది, అంతే.

థాంక్స్‌గివింగ్ సెలవుల తర్వాత గది కొంచెం ఖాళీగా కనిపించింది. కొందరు మానేశారు. పట్టు వేస్తుంటే మెడ నొప్పి అని ఒకరు, బాస్కెట్‌బాల్ మొదలైందని ఒకరు, రోజూ ఏడుస్తున్నాడని ఒకరు. కుస్తీ పిల్లలకు వ్యక్తిత్వం నేర్పుతుందని చెప్పేవాళ్లెవరూ వీళ్లను లెక్కలోకి తీసుకోరు. చివరిదాకా నిలిచినవాళ్లను చూపించి, చూడండి ఎంత గట్టివాళ్లయ్యారో అంటారు. కొంత గట్టిగా ఉన్నవాళ్లే నిలిచారేమో అన్న అనుమానం నాకు మొదటినుంచీ ఉంది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

మొదటి టోర్నమెంటు డిసెంబరు 15, ఆదివారం. ఉదయం 6.50కి నలభై నిమిషాల దూరంలో మరో ఊరి హైస్కూల్లో ఉన్నాం. వరుసలో నిలబెట్టి గోళ్లు చూశారు, మెడ, చేతులు తిప్పి చర్మం చూశారు, తూకం వేశారు. మా అమ్మాయి 61 పౌండ్లు. కొత్త పిల్లలను బరువు, వయసు చూసి నలుగురు నలుగురుగా కడతారు. ప్రతి ఒక్కరూ మిగతా ముగ్గురితో తలపడాలి. ప్రవేశ రుసుము 30 డాలర్లు, చూడటానికి తలకు 8. జిమ్‌లో ఆరు మ్యాట్లు, ఆరు ఈలలు, ఒకేసారి పన్నెండు మంది పిల్లలు. పక్క మ్యాట్ ఈల విని మా పిల్లలు ఆగిపోయేవాళ్లు. తల్లిదండ్రులు మ్యాట్ దగ్గరికి వెళ్లకూడదు. మూలన ఉన్న రెండు కుర్చీలూ కోచ్‌లవి. మనం బెంచీల మీదే.

పోటీ తొమ్మిదింటికి అన్నారు. మా అమ్మాయి పిలుపు వచ్చింది 10.40కి. తినడానికి అక్కడ దొరికేవి హాట్ డాగ్‌లు, చిప్స్ పొట్లంలో మాంసం కూర వేసి ఇచ్చే ఒక పదార్థం. శాకాహారులు ఇడ్లీలు కట్టుకుని వెళ్లండి. తూకం అయిన వెంటనే పెట్టండి, ఆట ముందు పెట్టకండి.

పిల్లల పోటీలో మూడు పీరియడ్లు, మా దగ్గర ఒక్కోటి ఒక్క నిమిషం. రెండు భుజాల వెనక ఎముకలు రెండు సెకన్లు మ్యాట్‌కు ఆనించి పట్టుకుంటే పిన్, ఆట అక్కడితో సరి. ఈల మోగింది, ఎదుటి పిల్లవాడు కాళ్లు పట్టాడు, మా అమ్మాయి వెల్లకిలా పడింది, రెఫరీ అరచేత్తో మ్యాట్‌ను చరిచాడు. నలభై సెకన్లు కూడా పట్టలేదు. ఉదయం అయిదింటికి లేచింది దీనికోసం.

పిల్ల లేచి, హెడ్‌గేర్ లాగేసి, ఏడుస్తూ నా వైపు పరుగెత్తింది. నేను లేచి నిలబడ్డాను. ఇంతలో కోచ్ పెద్ద హడావుడి ఏమీ లేకుండా నడిచి వచ్చి దాని పక్కన వంగి ఏదో అన్నాడు. ఇద్దరూ వెనక్కి తిరిగారు. రెఫరీ మ్యాట్ మధ్యలో అలాగే నిలబడి ఉన్నాడు, గెలిచిన పిల్లవాడూ నిలబడి ఉన్నాడు. పిల్ల వెళ్లి చేయి కలిపింది, రెఫరీ వాడి చేయి పైకెత్తాడు. ఆ తర్వాత ఎదుటి మూలకు నడిచి వాళ్ల కోచ్‌కు చేయి ఇచ్చింది. ముక్కు కారుతూనే ఉంది. ఏమన్నాడని కారులో అడిగితే, "ఏడువు, పరవాలేదు, కానీ ముందు చేయి కలిపి రా అన్నాడమ్మా" అంది.

ఆ శీతాకాలం అంతటిలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఈ మాటే. నేను పెరిగిన చోట పిల్ల ఏడిస్తే ఊరుకో అంటారు, లేదా గెలిచినవాడిని నాలుగు తిడతారు. ఇక్కడ మనసు ఎలా ఉండాలో ఎవరూ చెప్పలేదు. చేయవలసిన పని ఒకటుంది, అది చేసి రమ్మన్నారు. కడుపులో ఉడుకుతున్నా చేయి చాచవచ్చు అని తొమ్మిదేళ్ల పిల్లకు ఉపన్యాసంతో ఎలా చెబుతాం?

మిగతా రెండూ కూడా ఓడిపోయింది. మధ్యాహ్నం ఒంటిగంటకు నాలుగో స్థానం పతకం ఇచ్చారు, నలుగురిలో నాలుగు. దాన్ని కారు సీటు కింద పడేసింది.

ఇంకో అలవాటు కూడా గమనించాను. ఆట అయిన ప్రతిసారీ కోచ్ ఒకటే అడుగుతాడు: "ఏం జరిగింది?" వరుసగా చెప్పాలి. ఎందుకు అన్నది తర్వాత. మొదట్లో మా అమ్మాయి జవాబులు ఇలా ఉండేవి: వాడు పెద్దవాడు, టోపీ కళ్ల మీదికి జారింది, రెఫరీ చూడలేదు. కోచ్ వాదించడు, సరే అని మళ్లీ అదే అడుగుతాడు. జనవరి నాటికి జవాబు మారింది. "నేను నిలువుగా నిలబడిపోయాను, నా ఎడమ కాలు చిక్కింది, పక్కకు తిరగడానికి బదులు వీపు ఇచ్చాను." ఆ నెలలోనే లెక్కల పరీక్షలో మార్కులు తగ్గితే, నేను అడగకముందే "భాగహారంలో శేషం రాయలేదు" అని కాగితం చూపించింది. ఇది కుస్తీ వల్లేనని ప్రమాణం చేయను. ఆ ఏడాది టీచరు కూడా మంచిది. పైగా తమ్ముడితో తగాదాలు ఏమీ తగ్గలేదు, ఇప్పుడు వాటికి హాఫ్ నెల్సన్ (వెనకనుంచి చంక కింద చేయి దూర్చి మెడ పట్టి తిప్పే పట్టు) తోడైంది.

జనవరి 18న సంక్రాంతి సంబరాలకు కూచిపూడి అంశం ఉంది. దానికి రెండు రోజుల ముందు సాధనలో మ్యాట్‌కు చెంప రాసుకుని ఎర్రగా చెక్కుకుపోయింది. మేకప్ వేస్తే మండుతుందని ఏడుపు. అలాగే వేదిక ఎక్కింది. ఆ సాయంత్రం కనీసం పదిమంది "పాపకు ఏమైంది?" అని అడిగారు. జవాబు విన్నాక నా వైపు చూసిన చూపులు వేరే కథ.

చెంప మానుతుండగా ముంజేతి మీద గుండ్రటి మచ్చ. తామర. కుస్తీ గదుల్లో ఇది జలుబంత మామూలు, మనకు మాత్రం గుండె జారుతుంది. డాక్టరు అపాయింట్‌మెంట్ మూడు రోజుల తర్వాత దొరికింది. నియమం ఏమిటంటే, ఒంటి మీద తామరకు మందు మొదలుపెట్టి 72 గంటలు గడవాలి, తల మీద వస్తే 14 రోజులు. డాక్టరు సంతకం చేసిన చర్మ పరీక్ష ఫారం లేకపోతే తూకం దగ్గరే వెనక్కి పంపేస్తారు. మేం వెళ్లిన క్లినిక్‌లో అలాంటి ఫారం ఉంటుందనే తెలియదు, నేనే ఫోనులో వెతికి ఇచ్చాను. డాక్టరుకు బీమా పోగా మేం కట్టింది 40 డాలర్లు, మందు 12. ఇంట్లో ఉంచేద్దామనుకున్నాను. కోచ్ మాత్రం సాధనకు రమ్మన్నాడు. మ్యాట్ బయట స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చోబెట్టాడు, ఎవరి పట్టు ఎలా ఉందో ఏడున్నరకు చెప్పమన్నాడు. గంటన్నర సేపు ఇతరులను గమనించడం ఆ పిల్ల చేత మరెవరూ చేయించలేదు.

మా వంతు పని కూడా ఉంటుంది, అది దరఖాస్తులో చిన్న అక్షరాల్లో ఉంది. క్లబ్బు టోర్నమెంటు పెట్టిన రోజున తల్లిదండ్రులు స్కోరు బల్ల దగ్గర కూర్చోవాలి. 2024-25 సీజను నుంచి హైస్కూలు నియమాల్లో టేక్‌డౌన్‌కు, అంటే నిలబడి ఉన్నవాడిని కింద పడేసి అదుపులోకి తెచ్చుకున్నందుకు, రెండు పాయింట్లు కాస్తా మూడయ్యాయి. మా టోర్నమెంటూ వాటినే పాటించింది. ఏమీ తెలియని నేను మూడు సరిగ్గానే వేశాను. నా పక్కన కూర్చున్న, ముప్ఫై ఏళ్లుగా కుస్తీ చూస్తున్న పెద్దాయన ప్రతిసారీ రెండు నొక్కి నాలిక కరుచుకున్నాడు.

ఫిబ్రవరి మొదట్లో బరువు గొడవ. ఒక పోటీలో గుంపులు ముందే బరువు గీతలతో కట్టారు. మా అమ్మాయి గీత కంటే పౌండున్నర ఎక్కువ. "రాత్రి భోజనం మానిపించు, పొద్దున నీళ్లు ఇవ్వకు, సరిపోతుంది" అని ఒక తండ్రి సలహా ఇచ్చాడు, చాలా మామూలుగా. నేను కోచ్‌ను అడిగాను. ఆయన ముఖం మారిపోవడం అప్పుడే చూశాను. 1997 చివర్లో నెలన్నర లోపల ముగ్గురు కాలేజీ కుస్తీవీరులు బరువు దించుకునే ప్రయత్నంలో చనిపోయారని, తను అప్పుడు హైస్కూల్లో ఉన్నానని, చెమట కారి బరువు దిగాలని తనూ ఒంటికి ప్లాస్టిక్ చెత్త సంచులు కట్టుకుని పరుగెత్తినవాడినేనని చెప్పాడు. "నా గదిలో పిల్లలు అన్నం తిని వస్తారు. పై గుంపులో వేద్దాం." పై గుంపులో వేశారు. ప్రతి ఆటా ఓడిపోయింది. కారులో వినేశ్ గురించి అడిగింది. ఆ 100 గ్రాములు తగ్గించడానికి రాత్రంతా ఏం చేసి ఉంటారని. నాకు తెలిసినంత చెప్పాను. "మరి తినేసి పెద్ద గుంపులో ఆడొచ్చు కదా" అంది. ఒలింపిక్స్‌లో ఎందుకు కుదరదో వివరించడానికి ఇల్లు వచ్చేదాకా పట్టింది.

అన్ని క్లబ్బులూ ఇలా ఉంటాయనుకోకండి. పార్కింగు స్థలాల్లో చూసినవి ఇంకా కళ్ల ముందే ఉన్నాయి. ఏడేళ్ల పిల్లవాడి చేయి పట్టి కుదుపుతూ "నా పరువు తీశావు" అన్న తండ్రి. కొత్తవాళ్ల గుంపులో మూడో ఏడాది ఆడుతున్న పిల్లవాడిని దింపి పతకం కొట్టించుకున్న మరో జట్టు. నిర్వాహకులను అడిగితే కంప్యూటర్ కట్టిన గుంపులు, మార్చలేమన్నారు. మా క్లబ్బులోనూ బాగా ఆడే పిల్లవాడొకడు ఓడిపోయి హెడ్‌గేర్‌ను నేలకేసి కొట్టాడు. కోచ్ ఆ రోజు వాడి మిగిలిన ఆటలన్నీ రద్దు చేసి పక్కన కూర్చోబెట్టాడు. జట్టుకు ఆ పాయింట్లు అవసరమని ఇద్దరు తండ్రులు గొంతు పెంచినా మనసు మార్చుకోలేదు. పిల్లలు ఇవన్నీ చూస్తుంటారు. కాగితం మీద రాసిన మూడు మాటలకూ ఈ పెద్దమనిషే పూచీ. ఈయన స్థానంలో ఆ పార్కింగు తండ్రి ఉంటే అదే మ్యాట్, అవే పట్లు మరో రకం పిల్లలను తయారు చేసేవి. అందుకే చేర్చే ముందు ఒక సాధన పూర్తిగా కూర్చుని చూడమంటాను, ముఖ్యంగా ఎవరైనా ఓడిపోయినప్పుడు కోచ్ ఏం చేస్తాడో.

గెలుపు ఫిబ్రవరి 9న వచ్చింది. ఆ సాయంత్రం అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్, మా వైపు జనమంతా ఫిలడెల్ఫియా జట్టు ఈగల్స్ ఆకుపచ్చలో ఉన్నారు, టోర్నమెంటును ఒంటిగంటలోపు తేల్చేయాలని రెఫరీలు కూడా తొందరలో ఉన్నారు. మూడో పీరియడ్‌లో మా అమ్మాయి వెనకనుంచి హాఫ్ నెల్సన్ వేసి, ఎంతో నెమ్మదిగా ఎదుటి పిల్లవాడిని తిప్పింది. చరుపు వినపడగానే లేచి, రెండు చేతులూ గాలిలో ఊపుతూ, తిన్నగా నా దగ్గరికి పరుగు. కోచ్ లేచాడు, అదే నడక, అదే వంగడం. వెనక్కి తీసుకెళ్లి చేయి కలిపించాడు. రెఫరీ చేయి ఎత్తాక, ఎదుటి కోచ్ దగ్గరికి పంపించాడు. అంతా అయ్యాక, "ఏం జరిగింది?" అన్నాడు. గెలిచినప్పుడు కూడా చెప్పాలని పిల్లకు తెలియదు. కాసేపు తడుముకుని, "వాడు అలసిపోయాడు" అంది. "అది నిజం" అన్నాడు.

ఆ తర్వాతి వారం జనవరిలో ఆలస్యంగా చేరిన ఒక చిన్నవాడిని దానికి జతగా వేశారు. వాడు పట్టు వేస్తే పడాలి, పడి లేచి మళ్లీ ఇవ్వాలి. రెండు సాధనల తర్వాత ఇంటికి వచ్చి, "వాడికి ఎన్నిసార్లు చెప్పినా తల కిందికి వంచేస్తాడమ్మా" అని విసుక్కుంది.

సీజను మార్చి 2న ముగిసింది. సింగ్లెట్ ఉతికి తిరిగిచ్చాం. చెక్కు వెనక్కి రావడానికి రెండు వారాలు పట్టింది. ఏప్రిల్ నుంచి ఫ్రీస్టైల్ ఉంది, అది ఒలింపిక్ పద్ధతి, నియమాలు వేరు, రుసుము మళ్లీ 120. మావారు ఏమీ అడగకుండానే కట్టేశారు. మా అమ్మ మే నెలలో వస్తోంది, ఆదివారం ఉదయం ఆరింటికి తనను ఎక్కడికి తీసుకెళ్లబోతున్నామో ఇంకా చెప్పలేదు. బూట్లు మాత్రం ఒక సైజు పెంచి కొనండి, మావి నాలుగు నెలల్లో బిగుతయ్యాయి. చర్మ పరీక్ష ఫారం ఖాళీది ఒకటి ప్రింటు తీసి కారులో ఉంచుకోండి.